మిల్లు సర్వరుకు లైసెన్సు లెక్క ఎవరు చెప్పాలి?

రైతు తోలిన ధాన్యం కాటా ఎక్కినప్పటి నుంచి సొమ్ము చేతికందేదాకా ఆ లెక్కంతా ఇప్పుడు చాలా మిల్లుల్లో ఆఫీసు మూలనున్న ఒక పెట్టెలో ఉంటోంది. దాన్ని సర్వరు అంటారు. గుమాస్తాల కంప్యూటర్లన్నీ పద్దుల కోసం దాని దగ్గరికే పోవాలి. మిల్లులే కాదు, ఎరువుల దుకాణాలు, కమీషను కొట్లు, చిట్ల కంపెనీలు కూడా ఈ ఏర్పాటుకు వస్తున్నాయి. పెట్టె ధర దగ్గర గంటసేపు బేరమాడే యజమాని, అందులో నడిచే సాఫ్ట్‌వేరుకు ఏ లైసెన్సు కొన్నారో అడిగితే తెల్లమొహం వేస్తారు. బిల్లులో మాత్రం ‘సర్వరు, సాఫ్ట్‌వేరుతో సహా’ అని ఒక్క ముక్క ఉంటుంది. ఈ పద్ధతి మారాలి.

లెక్క కొంచెం చిక్కైనదే. మైక్రోసాఫ్ట్ కంపెనీ తన విండోస్ సర్వర్ స్టాండర్డ్ రకాన్ని 2016 నాటి సంచిక నుంచి యంత్రంలోని కోర్ల లెక్కన అమ్ముతోంది. ప్రాసెసరు లోపల పనిచేసే భాగాలే ఈ కోర్లు. యంత్రంలో ఎనిమిదే ఉన్నా కనీసం పదహారింటికి సొమ్ము కట్టాలి. భోజనానికి ఎనిమిదిమందే వచ్చినా పదహారు విస్తళ్ళ ఖరీదు వసూలు చేసినట్టన్నమాట! అంతటితోనూ తీరదు. ఆ సర్వరును వాడుకునే ప్రతి మనిషికో, ప్రతి కంప్యూటరుకో ‘క్యాల్’ అనే వేరే లైసెన్సు కొనాలి. సినిమా హాలుకు లైసెన్సు ఉన్నంతమాత్రాన ప్రేక్షకుడికి టిక్కెట్టు అక్కరలేకుండా పోదు గదా. మన వ్యాపారస్తుల్లో హాలు లైసెన్సు కొని టిక్కెట్లు మరచినవారున్నారు. మరచారనడం కంటే వారికెవరూ చెప్పలేదనడం న్యాయం.

మనిషి లెక్కన కొనాలా, యంత్రం లెక్కన కొనాలా అన్నచోటే లాభనష్టాలు తేలుతాయి. సీజనులో రెండు షిఫ్టులు నడిచే మిల్లులో ఆరు కంప్యూటర్లు, పన్నెండుమంది గుమాస్తాలు ఉన్నారనుకుందాం. యంత్రం లెక్కన ఆరు క్యాల్‌లు చాలు, మనిషి లెక్కన పన్నెండు కావాలి. అదే ఒక్క యజమాని ఆఫీసు కంప్యూటరు, ఇంటి కంప్యూటరు, చేతిలోని ఫోను మూడింటి నుంచీ లెక్కలు చూసుకునేటట్టయితే మనిషి లెక్కే మేలు. ఇంకొక మెలిక కూడా ఉంది. పాత సంచికకు కొన్న క్యాల్ కొత్త సంచికకు చెల్లదు. 2019 నాటి క్యాల్‌తో 2022 సర్వరును వాడరాదు.

పొరుగూరి గోదాములో కూర్చుని మిల్లు సర్వరు మీద నేరుగా పనిచేసే పద్ధతి, అంటే రిమోట్ డెస్క్‌టాప్, కావాలంటే దానికి మరో రకం క్యాల్ అదనం. అది కొనకుండా మొదలుపెట్టినా 120 రోజులు పని సజావుగా సాగుతుంది. ఆ తర్వాత గుమాస్తాలను లోపలికి రానివ్వదు. జులైలో పెట్టించినవారికి ఈ గడువు సరిగ్గా ధాన్యం బళ్ళు వరసకట్టే నవంబరులో తీరుతుంది. పెట్టించిన మనిషి అప్పటికి ఫోను ఎత్తుతాడో లేదో!

చిన్న సంస్థలకు ఎసెన్షియల్స్ అనే రకం ఉంది. 25 మంది మనుషులు, 50 యంత్రాల వరకు దానికి క్యాల్‌లు అక్కరలేదు. పది కోర్లకు మించని ఒకే ప్రాసెసరున్న యంత్రం మీదే దాన్ని నడపాలి. పద్దులు, ఫైళ్ళు పంచుకోవడమే పనైతే మండల కేంద్రంలోని దుకాణానికి అది సరిపోతుంది. రిమోట్ డెస్క్‌టాప్ కావాలంటే చాలదు. ఈ మాట అమ్మకందారు ముందుగా చెప్పాలి. ఖరీదైనది అంటగట్టడమో, లేకుంటే దొంగ నకలు ఎక్కించి ‘అందరూ ఇదే వాడుతున్నారండీ’ అనడమో మర్యాద కాదు. ఇంటర్నెట్‌లో కొన్ని వందల రూపాయలకు దొరికే ‘కీ’ని నమ్ముకున్నా లాభం లేదు. కీ తాళం తెరుస్తుంది గాని ఇల్లు మనదని రుజువు చెయ్యదు.

దొంగ నకలుతో వచ్చే నష్టం యజమానితో ఆగదు. తాళం పగలగొట్టిన ప్రోగ్రాముల వెంట వైరస్ రావడం మామూలే. ఆ నకలు బయటపడుతుందేమోనని భద్రతా సవరణలు రాకుండా ఆపేసేవారూ ఉన్నారు. 2017 మేలో వన్నాక్రై వైరస్ ప్రపంచమంతటా కంప్యూటర్లకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కొన్ని కూడా దాని వాత పడ్డాయి. దాన్ని ఆపే సవరణను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. చేయించుకోనివారే ఎక్కువగా చిక్కుకున్నారు. మిల్లు సర్వరుకు అదే గతి పడితే కాటా లెక్కలు, బస్తాల లెక్కలు, ఎవరికెంత బాకీ అన్నదీ పోతాయి. చేతిలో చీటీ లేని రైతు ఎవరిని అడగాలి?

చట్టం సంగతి సరేసరి. 1957 కాపీరైటు చట్టంలోని 63బి సెక్షను ప్రకారం, దొంగ నకలని తెలిసీ కంప్యూటరులో వాడితే ఏడు రోజులకు తక్కువ కాకుండా మూడేళ్ళ వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. వ్యాపార లాభానికి వాడకపోతే కోర్టు జైలు శిక్ష తప్పించవచ్చు. మిల్లులో వాడేవారికి ఆ వెసులుబాటు దొరకదు.

సొమ్ము పెట్టలేనివారు లైనక్స్ వైపు చూడవచ్చు. డెబియన్ వంటివి ఉచితం. సాంబా అనే ప్రోగ్రాము పెడితే విండోస్ కంప్యూటర్లు కూడా ఆ సర్వరులో ఫైళ్ళు దాచుకోగలవు, తలకింతని క్యాల్ కట్టనక్కరలేదు. అయితే తమ పద్దుల ప్రోగ్రాము దానితో పొసగుతుందో లేదో ముందే చూసుకోవాలి. పాడైతే బాగుచేసే మనిషి దగ్గర్లో ఉండాలి. లేకుంటే మిగిలిన సొమ్ము కారు కిరాయిలకే సరి.

బిల్లులో సాఫ్ట్‌వేరు పేరు, సంచిక, కోర్ల సంఖ్య, క్యాల్‌ల సంఖ్య విడివిడిగా రాయకపోతే సొమ్ము ఇవ్వబోమని మిల్లర్ల సంఘాలు, వర్తక సంఘాలు తీర్మానించుకోవాలి. జిల్లా పరిశ్రమల కేంద్రం సీజనుకు ముందు ఒక్క పూట శిబిరం పెట్టి ఈ లెక్క నేర్పితే ఖర్చు పెద్దగా కాదు. ఆలస్యం చెయ్యడానికి వీల్లేదు. విండోస్ సర్వర్ 2012కు సవరణలు 2023 అక్టోబరు 10తోనే ఆగిపోయాయి. 2016 సంచికకు గడువు 2027 జనవరి 12. సంక్రాంతి ముందర, ఖరీఫ్ ధాన్యం ఇంకా మిల్లులకు చేరుతూ ఉండే రోజులవి.