నొక్కి పట్టి మాట్లాడితే చాలు

రాయచూరు జిల్లా బాళగనూరు, సింధనూరు పరిసరాల్లో ఊరి పేరు చివర ‘క్యాంపు’ అని ఉంటే అక్కడ తెలుగిళ్లు ఉన్నాయనే అనుకోవచ్చు. (కొన్ని క్యాంపులు బెంగాలీ శరణార్థులవి, ఆ కథ వేరు.) తుంగభద్ర డ్యామ్ కట్టి ఎడమ కాలువకు నీళ్లు వదిలాక గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులు సొంతూళ్లో ఉన్న కొద్దిపాటి భూమి అమ్ముకుని వచ్చి ఇక్కడ చవగ్గా పొలాలు కొన్నారు. నల్లరేగడిలో వరి మడులు కట్టారు. వాళ్ల మనవలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బళ్లో కన్నడం రాస్తారు. తెలుగు అక్షరాలు చాలామందికి రావు. రెండు లిపులూ దగ్గరివే, కూడబలుక్కుని చదవొచ్చు కదా అనేవాళ్లున్నారు. నిజమే గానీ, భీమవరంలో ఉన్న అమ్మమ్మకు అలా కూడబలుక్కుని ఉత్తరం రాసే ఓపిక ఏ కుర్రాడికుంటుంది?

ఆ చిక్కు తీర్చింది వాట్సాప్‌లోని మైకు బొమ్మ.

మన దేశంలో టెలిగ్రాములు 2013 జూలై 14తో ఆగిపోయాయి. మరుసటి నెలలోనే వాట్సాప్ వాయిస్ మెసేజ్ తెచ్చింది. టెలిగ్రామ్ వచ్చిందంటే విప్పకముందే ఇంట్లో ఏడుపులు మొదలయ్యేవి. వాయిస్ మెసేజ్‌లో వచ్చేది చాలావరకు ‘తిన్నారా’, ‘వానలెలా ఉన్నాయి’ అనే. దీనికి టైపింగ్ రానక్కర్లేదు, కళ్లద్దాలు వెతుక్కోనక్కర్లేదు. క్యాంపులో పెద్దాయన పంపే మెసేజ్ ఎలా ఉంటుందంటే, ముందు ట్రాక్టర్ చప్పుడు, ఆ వెనకే ‘ఒరేయ్, వినపడుతోందా?’ అని ఒక కేక. అవతల ఎవరూ లేరని తెలిసినా ఆ ప్రశ్న తప్పదు. తర్వాత ధాన్యం ధర, మధ్యలో పాలేరుకు కన్నడంలో రెండు పురమాయింపులు, మళ్లీ తెలుగులో చెల్లెలి మోకాళ్ల నొప్పులు.

ఫోనే చేయొచ్చుగా? ఫోనంటే ఇద్దరికీ ఒకేసారి తీరిక దొరకాలి. డల్లాస్‌లో కూతురు పడుకునే వేళకు ఇక్కడ తండ్రి మడిలో దిగుతాడు. మెసేజ్ అయితే ఎవరికి వీలైనప్పుడు వాళ్లు వింటారు. 2014 నవంబరులో నీలం టిక్కులు వచ్చాక ‘చూసి కూడా పలకలేదు’ అనే అలకలు మొదలయ్యాయనుకోండి.

ఊసుపోక కబుర్లే అని తీసిపారేయడానికీ లేదు. బాపట్ల పరిశోధన కేంద్రం 1986లో విడుదల చేసిన బీపీటీ 5204 వరి ఈ మడుల్లోనూ ఏళ్ల తరబడి పండింది. అన్నం బాగుంటుంది గానీ దానికి అగ్గి తెగులు త్వరగా పట్టుకుంటుంది. ఆకు మీద నూలుకండె ఆకారపు మచ్చ కనబడగానే ఫొటో తీసి, కింద నాలుగు మాటలు చెప్పి, కోస్తాలో అదే రకం వేసిన బావమరిదికి పంపితే సాయంత్రానికి మందు పేరు వస్తుంది. బావమరిది కన్నా రాయచూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లను అడగడమే మేలు. కానీ బావమరిది వెంటనే పలుకుతాడు!

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయినప్పుడు ఆ పలికే గుణం విలువ తెలిసింది. ఈ కాలువ కింద రైతుకు అది ఆ ఏడాది పంట ప్రశ్న. రిటైరైన తెలుగు ఇంజనీరు కన్నయ్య నాయుడు ఆధ్వర్యంలో స్టాప్‌లాగులు (తాత్కాలిక తలుపులు) దించి వారం రోజుల్లో నీళ్లు ఆపిన దృశ్యాలను జనం పేపర్లో చూడకముందే ఫోన్లలో చూశారు.

అయితే తెలిసినవాళ్లు పంపారంటే ఎవరూ సందేహించరు, ప్రమాదమూ అక్కడే ఉంది. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలంటూ వీడియోలు తిరిగాయి. అందులో ఒకటి పాకిస్తాన్‌లో పిల్లల భద్రత కోసం తీసిన అవగాహన చిత్రం, చివర కత్తిరించి వదిలారు. ఆ జూలైలో బీదర్ జిల్లా ముర్కిలో, పిల్లలకు చాక్లెట్లిచ్చిన పాపానికి హైదరాబాద్ నుంచి వచ్చిన యువకుల మీద జనం పడ్డారు. వాళ్ల కారు కన్నా ముందే వాళ్లను తీసిన వీడియో ఆ ఊరు చేరింది. ఒకరి ప్రాణం పోయింది. ఆ తర్వాత కొద్ది రోజులకే మన దేశంలో ఒక మెసేజ్‌ను ఐదు చాట్లకు మించి ఒకేసారి ఫార్వర్డ్ చేయకుండా వాట్సాప్ కట్టడి పెట్టింది.

రాయచూరుకు ఆనుకునే ఉన్న గద్వాల జిల్లాలో మాత్రం అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి ముందే మేలుకున్నారు. జనం ఆరుబయట పడుకోవడం మానేశారని కానిస్టేబుళ్లు వచ్చి చెప్పగానే, వాళ్లను ఊరి వాట్సాప్ గ్రూపుల్లో చేర్పించారు, డప్పు కొట్టించి పాటలు కట్టించి ఊరూరా తిప్పారు. పుకారు ఏ దారిలో వచ్చిందో ఆ దారిలోనే ఎదురెళ్లారు. అక్కడ ఎవరి ప్రాణమూ పోలేదు.

ప్రభుత్వాలూ వాట్సాప్ దారి పట్టాయి. ఆంధ్రప్రదేశ్ 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో 161 సేవలను వాట్సాప్‌లో మొదలుపెట్టింది. తుంగభద్ర ఎడమ కాలువ కింది రైతుకు అన్ని సేవలు అక్కర్లేదు. కాలువకు నీళ్లు ఏ రోజు వదులుతారు, ఏ రోజు కట్టేస్తారు, చివరి తూముకు ఎన్నాళ్లకు అందుతాయి అన్నది అధికారి గొంతుతో నిమిషం పాటు, కన్నడంలో ఒకసారి, తెలుగులో ఒకసారి వినిపిస్తే అతనికి నారుమడి ఎప్పుడు పోసుకోవాలో తెలుస్తుంది.