అరకులో ఊరెక్కడ?

మన కాలేజీలో నాలుగేళ్లు చదివి ఒక్కసారైనా అరకు వెళ్లకుండా బయటపడినవాళ్లు చాలా తక్కువ. ఫస్టియర్‌లో ఒకసారి, ఫైనలియర్‌లో ఫేర్‌వెల్ పేరు చెప్పి ఇంకోసారి, మధ్యలో ఎవరి బర్త్‌డేకో మరోసారి. ఫోన్లలో ఉండే ఫొటోలు కూడా దాదాపు అందరివీ ఒకటే. రైలు తలుపు దగ్గర నిలబడి ఒకటి, బొర్రా గుహల్లో ఒకటి, వలిసె పూల పసుప్పచ్చ చేనులో ఒకటి, చేతిలో బొంగులో చికెన్‌తో ఒకటి. అన్నీ బాగుంటాయి. కానీ వాటిలో ఎక్కడా ఊరు కనపడదు. ఆ పూల చేను ఎవరిది? ఆ బజారు ఎప్పుడు వెలిసింది? మనం పడుకున్న టెంటు ఏ గూడెం నేల మీద వేశారు? అడిగితే మనలో నూటికి తొంభైమంది నీళ్లు నములుతాం.

మనం అరకుని "స్పాట్" అంటాం. అక్కడ పుట్టినవాళ్లకి అది ఊరు. ఒక ఊరు కూడా కాదు, పొరలు పొరలుగా పెరిగిన పది ఊళ్లు. నేను చెప్పాలనుకున్నది ఒక్కటే. అరకు మొదట్నుంచీ బయటివాళ్లని రానిచ్చిన చోటే. గొడవ ఎప్పుడూ ఎవరు వచ్చారన్న దాని మీద కాదు. ఎవరి మాట మీద వచ్చారు, వచ్చాక నేల ఎవరి చేతిలో మిగిలింది అన్న దాని మీద. ఆ ప్రశ్న వదిలేసి "అరకు డెవలప్ అవ్వాలా వద్దా" అని క్యాంటీన్‌లో ఎంత వాదించుకున్నా తేలేదేమీ లేదు.

ముందు పేర్లు చూడండి. యండపల్లివలస, సుంకరమెట్ట, డుంబ్రిగుడ, ముంచంగిపుట్టు. కిందకి దిగితే కొత్తవలస, ఇంకా ఎన్నో 'వలస'లు. ఉత్తరాంధ్రలో ఊరి పేరు చివర 'వలస' ఉందంటే, ఎక్కణ్నుంచో వచ్చినవాళ్లు కట్టుకున్న ఊరని పేరే సాక్ష్యం చెబుతుంది. అంటే కొండ మీద కూడా ఊళ్లన్నీ ఒకేసారి, ఒకే జనంతో పుట్టలేదు. కొండదొరలు, ఖోందులు, భగతలు, కోటియాలు, పోర్జలు, గదబలు, వాల్మీకులు, మాలీలు, కొండ కమ్మరులు ఇలా ఎంతమందో ఈ లోయలోనూ చుట్టుపక్కల కొండల మీదా సర్దుకున్నారు. కమ్మరి కొడవలి చేసిస్తే, మాలీలు కూరగాయలు పండించారు, గదబ ఆడవాళ్లు చెట్టు నార తీసి బట్టలు నేశారు.

మాటలు కూడా అంతే. కూబి, కువి, పోర్జ భాషలు మన తెలుగు లాగా ద్రావిడ కుటుంబానివి. గదబల్లో కొందరు మాట్లాడే గుతోబ్ ముండా కుటుంబానిది. ఆదివాసీ ఒరియా ఇండో ఆర్యన్. విశాఖ నుంచి సుమారు 115 కిలోమీటర్ల దూరంలో, ఒక వారపు సంతలో, మూడు భాషా కుటుంబాలు పక్కపక్కన బుట్టలు పెట్టుకుని కూర్చుంటాయి. ఒకరి భాష ఇంకొకరికి రాకపోతే ఆదివాసీ ఒరియాలో బేరం తెగుతుంది. భద్రిరాజు కృష్ణమూర్తి గారు కూబి భాష మీద చేసిన పరిశోధన 1969లో పుస్తకంగా వచ్చింది. ద్రావిడ భాషల మీద పనిచేసేవాళ్లు ఈనాటికీ దాన్ని తిరగేస్తారు. అదే కొండల్లోకి ఏటా వెళ్లొచ్చే మనకి ఆ భాష పేరు కూడా తెలీదు.

ఈ సర్దుబాటులోకి బయటి నుంచి గీతలు వచ్చి పడ్డాయి. 1839లో బ్రిటిష్‌వాళ్లు గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలకి వేరే చట్టం చేసి కలెక్టర్‌నే ఏజెంట్‌ని చేశారు. మనం ఇప్పటికీ వాడే 'ఏజెన్సీ' అన్న మాట అక్కడిదే. 1936లో ఒడిశా ప్రావిన్సు ఏర్పడినప్పుడు కోరాపుట్ వైపు కొండలు అటు వెళ్లాయి, అరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండిపోయింది. చుట్టరికాలు మాత్రం గీతకి రెండు వైపులా అలాగే ఉన్నాయి.

తర్వాత పొర 1942 నాటిది. రెండో ప్రపంచ యుద్ధం టైములో సైనికులకి కూరగాయలు పండించడానికి పద్మాపురంలో తోట వేశారు. ఈరోజు మనం టికెట్ కొని టాయ్ ట్రైన్ ఎక్కే పద్మాపురం గార్డెన్స్ అదే. ఆ తర్వాత రైలు. విస్టాడోమ్ అద్దాల్లోంచి చూస్తే ఆ లైను మన సరదా కోసమే వేసినట్టు అనిపిస్తుంది గానీ, 1960ల్లో కొత్తవలస–కిరండూల్ లైను వేసింది బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించి జపాన్‌కి పంపడానికి. యాభైకి పైగా సొరంగాలు తవ్వి, సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున శిమిలిగుడ దాకా బ్రాడ్‌గేజ్ ఎక్కించారు. సివిల్ వాళ్లం మనం చేతులెత్తి దండం పెట్టాల్సిన పనే. ఆ లైనుతో పాటు స్టేషనూ, రైల్వే క్వార్టర్లూ వచ్చాయి. పని కోసం దేశం నలుమూలల నుంచీ మనుషులొచ్చారు. మైదానం నుంచి వ్యాపారులు వచ్చి బజారు పెట్టారు. ఆఫీసులు, స్కూళ్లు, ఆసుపత్రి, ఉద్యోగుల ఇళ్లు. అలా ఒక టౌను తయారైంది.

గమనించారా, తోట సైన్యం కోసం, రైలు ఖనిజం కోసం. ఒక్కో పేట ఒక్కో అవసరానికి పుట్టింది, ఆ అవసరం మాత్రం అరకుది కాదు.

ఇక్కడే చట్టం సంగతి రావాలి. మనవాళ్లు 'వన్ ఆఫ్ సెవెంటీ' అంటూ విసుక్కునే ఆ రెగ్యులేషన్ ఆకాశం నుంచి ఊడిపడలేదు. కొండ మీద భూములు అప్పుల కింద మైదానం షావుకార్ల చేతుల్లోకి జారిపోతున్నాయని 1917లోనే ఒక చట్టం చేశారు. అది చాలక 1959లో ఇంకోటి. అదీ చాలక 1970లో దాన్ని సవరించారు. అదే 1/70. దాని ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుడికి అమ్మకూడదు. ఒక గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మడానికి కూడా వీల్లేదు. ఇది చెల్లుతుందని సుప్రీంకోర్టు 1988లో చెప్పింది. 1997లో సమత కేసు తీర్పు మరో అడుగు ముందుకేసింది. ఆ కేసు మొదలైంది మనం ఫొటోలు దిగే బొర్రా చుట్టుపక్కల గనుల లీజుల మీదే. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకి, ప్రైవేటు కంపెనీలకి లీజుకివ్వడం చెల్లదని, చట్టంలో 'వ్యక్తి' అంటే ప్రభుత్వం కూడా ఆ లెక్కలోకే వస్తుందని కోర్టు తేల్చింది. సర్కారుని సైతం కట్టేసిన తీర్పు అది.

"ఆ చట్టం వల్లే కదా వాళ్లు వెనకబడింది? అమ్ముకోనిస్తే నాలుగు డబ్బులు కళ్లచూసేవాళ్లు" అని మీరు అనొచ్చు. చాలామంది మిత్రులు అంటారు కూడా. దానికి నా జవాబు కాఫీ.

కాఫీ చెట్టు కూడా కొండకి బయటిదే. బ్రిటిష్‌వాళ్లు తెచ్చారు. స్వాతంత్ర్యం వచ్చాక అటవీ శాఖ, ఆ తర్వాత ఐటీడీఏ పెంచాయి. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, ఆ ఓక్ మాను మీదికి పాకిన మిరియాల తీగ. ఒక్కో కుటుంబానికి ఎకరమో రెండెకరాలో. అంత చిన్న కమతాల పంట 2017లో ప్యారిస్‌లో సొంత పేరుతో దుకాణం తెరిచే దాకా వెళ్లింది. 2019లో 'అరకు వ్యాలీ అరబికా' పేరుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. పైసా పైసాకీ రైతుకి న్యాయం జరిగిపోతోందని నేను అనను. కానీ ఒక్క సంగతి చూడండి. బయటి పంట వచ్చింది, బయటి మార్కెట్ వచ్చింది, బయటి డబ్బూ వచ్చింది. భూమి మాత్రం రైతు చేతిలోంచి జారలేదు. ఆ భూమే లేకపోతే అదే మనిషి అదే తోటలో పళ్లు కోసే కూలీగా మిగిలేవాడు. ఇక అమ్మకాల సంగతి. ఇంత చట్టం ఉండి కూడా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఏజెన్సీలో దాదాపు సగం భూమి గిరిజనేతరుల చేతుల్లోకి వెళ్లింది. చట్టమే లేకపోతే ఎంత మిగిలేదో మీరే లెక్క వేసుకోండి.

ఇప్పుడు ఆఖరి పొర, టూరిజం. కాఫీకి పెట్టిన ప్రశ్నే దీనికీ పెట్టాలి: భూమి ఎవరి చేతిలో ఉంటోంది? ఏజెన్సీలో 'బినామీ' అన్న మాటకి అర్థం ఎవరికీ చెప్పక్కర్లేదు. కాగితం మీద గిరిజనుడి పేరు, పెట్టుబడి ఎక్కడిదో. కాగితం మీద ఓనరు, గేటు దగ్గర వాచ్‌మన్. బొంగులో చికెన్ వాళ్ల వంట, ధింసా వాళ్ల ఆట. రెంటికీ ఇప్పుడు రేటు కార్డు ఉంది. రేటు ఉండటం తప్పనను, ఆట ఆడినవాళ్లకి డబ్బు రావాల్సిందే. అయితే ఆ కార్డు రాసింది ఎవరన్నది తేడా. పాడేరు దగ్గర వంజంగి కొండ మీద మబ్బుల సముద్రం చూడ్డానికి తెల్లారగట్ల జనం ఎగబడుతున్నారు. ఆ జనం తిన్న ప్లేట్లు, తాగిన సీసాలు ఎత్తేది కింద ఊరివాళ్లే.

ఇంజనీర్లం కాబట్టి ఇంకో కోణం కూడా చూడాలి. రాజ్యాంగంలో మునిసిపాలిటీల భాగం షెడ్యూల్డ్ ప్రాంతాలకి నేరుగా వర్తించదు. 243జెడ్‌సి అధికరణం ఆ మాట స్పష్టంగా చెబుతుంది. పార్లమెంటు వేరే చట్టం చేసి ఆ భాగాన్ని అక్కడికి విస్తరించాలి. అందుకని అరకు చూడ్డానికి టౌనైపోయింది, నడవడం మాత్రం పంచాయతీల కింద నడుస్తోంది. సీజన్లో వారాంతం వస్తే లోయ జనాభాకి మించి బరువు పడుతుంది. డ్రైనేజీ ఎటు? చెత్త ఎటు? లాడ్జీలు బోర్లు వేసుకుంటూ పోతే పక్క గూడెం ఊటబావి గతేంటి? ఇవి పర్యావరణ దినోత్సవం నాటి ఉపన్యాసాలు కావు, మన మూడో సెమిస్టర్ సర్వేయింగ్, ఐదో సెమిస్టర్ హైడ్రాలజీ.

ఇంకో అభ్యంతరం ఉంది, అది నిజంగా బరువైనది. రెండు మూడు తరాలుగా అక్కడే పుట్టి పెరిగిన గిరిజనేతర కుటుంబాలున్నాయి. చిన్న టీకొట్టు, కిరాణా, టైలరింగ్ మీద బతికేవాళ్లు. ఆదివాసీ ఒరియా గడగడా మాట్లాడతారు, వాళ్లకి వేరే ఊరంటూ లేదు. తలదాచుకునే ఇల్లు వీళ్ల పేరు మీద ఎక్కదు. వీళ్లనీ, విశాఖలో కూర్చుని రిసార్టు నడిపేవాళ్లనీ ఒకే గాట కట్టడం అన్యాయం. కానీ వీళ్లని చూపించి చట్టాన్నే తీసెయ్యమనేవాళ్ల మాట నమ్మకండి. తలుపులు తెరిస్తే ముందు కొట్టుకుపోయేది ఆ టీకొట్టే. అక్కడ ఎవరు ఎన్నాళ్లుగా ఉన్నారో, ఎవరు ఊరిలో కలిసిపోయారో గ్రామసభకి తెలిసినట్టు ఏ ఆఫీసుకీ తెలీదు. 1996 పెసా చట్టం గ్రామసభకి గొంతు ఇచ్చింది, మన రాష్ట్రంలో 2011లో నియమాలూ వచ్చాయి. అరకు టౌను ఎటు పెరగాలి, ఎక్కడ ఆగాలి అన్నది ఆ సభల్లో తేలాలి. మ్యాపు అక్కడ గీసుకుని, తర్వాత ఆఫీసుకి రావాలి. ఇప్పుడు జరుగుతున్నది దానికి తలకిందులు.

మరి మనమేం చేయగలం? పెద్ద పెద్ద మాటలొద్దు. ట్రిప్పుకి వెళ్లినప్పుడు ఉండే చోటు ఎవరిదో అడగండి. గూడెంలోవాళ్లు నడిపే హోమ్‌స్టే దొరికితే అక్కడ ఉండండి, బాత్రూమ్ కొంచెం చిన్నదైనా సరే. చేనులో దిగే ముందు చేనుగల మనిషిని అడగండి. సివిల్ వాళ్లు మైనర్ ప్రాజెక్టుకి ఊహాజనితమైన కాలనీకి డ్రైనేజీ గీసే బదులు, ఏదైనా పంచాయతీ ఒప్పుకుంటే అక్కడి ఊటల్నీ మురుగు కాల్వల్నీ కొలిచి ఆ కాగితాలు గ్రామసభ చేతిలో పెట్టండి. మార్కులు ఎలాగూ వస్తాయి, ఆ కాగితం ఒకరికి పనికొస్తుంది.

చివరిగా మన సాహితీ క్లబ్‌కి ఒక మాట. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా వచ్చాక అరకు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది. మన హాస్టల్లో ఆ జిల్లా నుంచి వచ్చినవాళ్లున్నారు. ఇంట్లో కువి, కూబి, ఆదివాసీ ఒరియా మాట్లాడి, ఇక్కడికొచ్చి మన ముందు తెలుగే మాట్లాడతారు. వాళ్లని ధింసా చెయ్యమని ఫ్రెషర్స్ డేకి పిలుస్తాం, రాయమని మాత్రం ఇంతవరకూ అడగలేదు. వచ్చే సంచికలో రెండు పేజీలు వాళ్లకి ఉంచుదాం. తమ ఊరికి ఆ పేరు ఎలా వచ్చిందో, ఆ ఊళ్లోకి ఎవరెవరు ఎప్పుడొచ్చారో, వాళ్ల మాటలోనే, తెలుగు లిపిలో రాయమందాం. అర్థం కాని మాట వస్తే పక్క గది తలుపు తట్టి అడిగి తెలుసుకోవడం మన పని.