తరంగాలకూ వంతు ఉండాలి

కాలవ నీటికి వంతులుంటాయని రైతుబిడ్డలకు ఒకరు చెప్పక్కర్లేదు. రేడియో తరంగాలకూ అలాంటి వంతు అమెరికా 2015లో పెట్టింది. 3550 నుంచి 3700 మెగాహెర్ట్జ్ వరకు ప్రధానంగా నౌకాదళ రాడార్లవి. ఓడమీది రాడార్ పనిచేయగానే తీరంలోని సెన్సార్లు పసిగడతాయి. కంప్యూటర్ వ్యవస్థ కొత్తవారిని ఆ ఛానెల్ నుంచి తప్పిస్తుంది. రాడార్ తర్వాత వేలంలో కొన్నవారు, ఆ తర్వాత కొననివారు. కొన్నవారు వాడనిచోట మూడో వరసవారు వాడుకోవచ్చు. నాకు నచ్చింది ఇదే. చెరువులో నీళ్లు రేపటికి మిగులుతాయి (ఎండాకాలంలో అదీ అనుమానమే!). ఈరోజు వాడని తరంగం మిగలదు. పాతవారి హక్కుకు భంగం రాకూడదు, నిజమే. కాని హక్కు పేరుతో ఖాళీగా ఉంచడం ఏం న్యాయం? మన దేశంలోనూ, కొన్న కంపెనీ టవరు వెయ్యని పల్లెల్లో ఆ తరంగాలను అక్కడి కాలేజీకో, సహకార సంఘానికో ఇవ్వాలి. కంపెనీ వచ్చిననాడు వాళ్లే తప్పుకుంటారు.