అవ్వ వేలు అరిగింది, మిషను నమ్మలేదు

మీ అవ్వ బొటనవేలు ఎప్పుడైనా పట్టుకుని చూశారా? చూసే ఉంటారు. పింఛను రోజున తడిగుడ్డతో తుడిచి, కాస్త కొబ్బరినూనె రాసి, ఆ చిన్న గాజు పలక మీద అదిమిపెట్టేది మీరే కదా. ఒకసారి పడదు. రెండోసారీ పడదు. "ఇంకో వేలు పెట్టవ్వా" అంటాడు ఎదుటి మనిషి. పది వేళ్లూ అయిపోతాయి. అవ్వ తానేదో తప్పు చేసినట్టు మీ మొహంలోకి చూస్తుంది.

తప్పు ఆమెది కాదు. పోడు కొట్టిన చేతులవి. తునికాకు తెంపి, అడ్డాకు కుట్టి, కట్టెలు మోసి, బండ మీద పసుపు నూరిన చేతులు. వయసు మీద పడేకొద్దీ, మొరటు పని చేసేకొద్దీ వేలిగీతలు అరిగిపోతాయి. ఇది అందరికీ తెలిసిన సంగతే. అయినా "పడలేదు, రేపు రా" అనే మాట ఆమెకే వస్తుంది. ఆ రేపటికి మళ్లీ కొండ దిగాలి. బీపీ బిళ్లలు, మోకాళ్ల నూనె, ఆటో కిరాయి అన్నీ ఆ పింఛనులోనే ఉన్నాయి.

ముసలివాళ్ల ఆరోగ్యం గురించి ఇప్పుడు ఎక్కడ మాట్లాడినా కొత్త పరికరాల మాటే వినిపిస్తోంది. ఫోన్లో డాక్టరు, ముఖం చూసి గుర్తుపట్టే యాప్, గుండె లెక్క చెప్పే గడియారం. జపాన్‌లో పారో అని సీలు పిల్ల ఆకారంలో ఒక రోబో బొమ్మ ఉంది. మతిమరుపు వచ్చిన వృద్ధులు దాన్ని నిమిరితే అది కళ్లు మూస్తుంది, కూస్తుంది. దాన్ని చూసి నవ్వాల్సిన పని లేదు. దాన్ని ఎవరి కోసం చేశారో గమనిస్తే చాలు. కరెంటున్న గది, దగ్గర్లో పిల్లలు లేని ముసలి మనిషి, పక్కన జీతానికి పనిచేసే సిబ్బంది. ప్రతి పరికరంలోనూ ఇలా ఒక ఊహించుకున్న మనిషి ఉంటాడు. మన అవ్వ ఆ ఊహలో లేదు. అందుకే పరికరం గూడేనికి వచ్చినా ఆమెను గుర్తుపట్టదు.

నెల్లీ ఔట్స్‌హోర్న్ అనే డచ్ సామాజిక శాస్త్రవేత్త దూరం నుంచి చేసే వైద్యం మీద 2011లో ఒక పుస్తకం తెచ్చారు. గుండెజబ్బు మనుషుల ఇళ్లలో పరికరాలు పెట్టాక అసలు ఏం జరిగిందో చూశారు. మన మాటల్లో చెప్పుకుంటే తేలింది ఇది: పరికరం వస్తే పని తగ్గదు, చేతులు మారుతుంది. ఆసుపత్రిలో నర్సు చేసే పనిలో కొంత రోగి మీద, ఇంటివాళ్ల మీద పడుతుంది. అయితే ఆ పని ఏ లెక్కలోకీ రాదు.

మన ఏజెన్సీలో అది ఎవరి చేతుల్లోకి వచ్చింది? మీ చేతుల్లోకి. సిగ్నల్ కోసం గట్టెక్కేది మీరు. ఓటీపీ చదివేది, చీటీ మీద ఇంగ్లీషు అర్థం చేసుకునేది, తాత చెప్పింది తెలుగులోకి మార్చి డాక్టరుకు చెప్పేది మీరు. మీలోనూ భారం సమానంగా లేదు. ఫోను అన్న చేతిలో ఉంటుంది, మంచం దగ్గర వదిన ఉంటుంది. అన్న మిర్చి కోతకో, హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికో పోతే రెండూ వదినవే. ఆశా అక్క సంగతి చెప్పనే అక్కర్లేదు. ముప్పై దాటిన ప్రతి మనిషి వివరాలూ ఫారంలో నింపి, వాటిని మళ్లీ యాప్‌లోకి ఎక్కించి, ఇంటింటికీ తిరిగే ఆమెను సర్కారు ఇప్పటికీ కార్మికురాలు అనదు, స్వచ్ఛంద కార్యకర్త అంటుంది.

ఇక వయసు. మీ తాత ఆధార్ కార్డు ఒకసారి చూడండి. పుట్టినరోజు జనవరి 1 అని ఉండొచ్చు, ఉత్త సంవత్సరమే ఉండొచ్చు. ఎవరో మొహం చూసి వేసిన అంకె అది. తాతకు తన వయసు తెలియక కాదు. "ఇంద్రవెల్లి కాల్పులప్పటికి నాకు ఇద్దరు పిల్లలు" అంటాడు. అంటే 1981. "గోదారి పెద్ద వరదకు మీ నాయన కడుపులో ఉన్నాడు" అంటుంది అవ్వ. అంటే 1986. ఇంత ఖచ్చితమైన లెక్క ఉన్నా కంప్యూటరులో దానికి గడి లేదు. తప్పు అంకె పడితే అర్హత ఏళ్ల తరబడి వెనక్కి పోతుంది.

సర్కారుకు కూడా ఈ సంగతి కొంత తెలుసు. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛనుకు అందరికీ 60 ఏళ్లు నిండాలి, గిరిజనులకు 50 చాలు. కొండ మీద ఒళ్లు ముందే అరుగుతుందని ఒప్పుకున్నట్టే కదా. కానీ 2024 అక్టోబరులో కేంద్రం వృద్ధులకు ఇచ్చిన ఆయుష్మాన్ వయ వందన కార్డుకు గీత 70 దగ్గర గీశారు. ఆదాయంతో పని లేకుండా ఇవ్వడం మంచిదే. మరి 50కే ముసలితనం వచ్చిందని ఒకచోట ఒప్పుకున్న మనిషి ఇంకోచోట ఇరవై ఏళ్లు ఎందుకు ఆగాలి?

సికిల్ సెల్ సంగతీ ఇంతే. ఆ జబ్బును నిర్మూలించే జాతీయ మిషన్ 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో మొదలైంది. ఏడు కోట్ల మందికి పరీక్షలు చేయాలని లక్ష్యం, వయసు 0 నుంచి 40. పుట్టబోయే పిల్లలకు జబ్బు రాకూడదన్నది ఉద్దేశం, అది అవసరమే. కానీ జీవితమంతా కీళ్లనొప్పుల్ని వాతం అనుకుని బతికిన 55 ఏళ్ల మనిషి ఆ లెక్కలో లేడు.

ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్లలో ఎర్రకణాలు తొందరగా చనిపోతాయి. మూడు నెలల షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఆ కణాలకు అంటుకున్న చక్కెరనే కొలుస్తుంది. కణం ఎక్కువ రోజులు బతక్కపోతే చక్కెర ఉన్నదానికంటే తక్కువ చూపొచ్చు. జబ్బు లేకుండా లక్షణం మాత్రమే ఉన్నవాళ్లలో కూడా పరీక్ష చేసే పద్ధతిని బట్టి తేడా రావొచ్చు. ఇంట్లో ఎవరికైనా సికిల్ సెల్ ఉంటే పెద్దవాళ్ల షుగర్ పరీక్ష చేయించేటప్పుడు డాక్టరుకు ఆ ముక్క తప్పకుండా చెప్పండి. మామూలు షుగర్ పరీక్ష కూడా చేయమని అడగండి.

ఇదంతా చెప్పి టెక్నాలజీ వద్దంటున్నామా? లేదు. డోలీ మోసిన భుజాలకు తెలుసు, ఫోన్లో డాక్టరు దొరకడమంటే ఏమిటో. ఉపకేంద్రంలో ఈ-సంజీవని పనిచేస్తే, జ్వరంతో ఉన్న తాతను పది కిలోమీటర్లు మోయాల్సిన పని ఒక్కోసారి తప్పుతుంది. రోడ్డు లేనిచోటికి 108 రాలేకపోతే బైకు ఫీడర్ అంబులెన్సు వచ్చింది. అది ప్రాణాలు నిలిపింది. మనం అడిగేది వేరే. గిరిజన ప్రాంతాల్లో 3,000 మందికి ఒక ఉపకేంద్రం, 20,000 మందికి ఒక పీహెచ్‌సీ ఉండాలని సర్కారే రాసుకుంది. ఫోన్లో డాక్టరు ఆ మనుషులకు తోడు రావాలి గానీ వాళ్ల ఖాళీని కప్పిపెట్టే తెర కాకూడదు.

భాష కూడా అంతే. కోయలోనో గోండిలోనో నొప్పి చెప్పే మాటలు ఎన్నో ఉంటాయి. ఫోను దాకా వచ్చేసరికి అవన్నీ "కడుపు నొప్పంట సార్" అయిపోతాయి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, మన వివరాలు తీసుకునే ముందు ఇచ్చే నోటీసు ఇంగ్లీషులోగానీ ఎనిమిదో షెడ్యూలు భాషల్లోగానీ చదువుకునే వీలుండాలంటుంది. ఆ 22 భాషల్లో సంతాలీ, బోడో ఉన్నాయి. గోండి, కోయ, కువి, సవర, కొలామి లేవు. అవ్వ "సరే" అన్నది ఏ భాషలో? దేనికి?

ఇప్పుడు 2008 నాటి అటవీ హక్కుల నియమాల్లో 13వ నియమం తీసి చదవండి. భూమి మీద హక్కుకు సాక్ష్యాలు ఏవేవో అందులో రాశారు. హక్కు కోరే మనిషి కాకుండా ఊరి పెద్దలు చెప్పిన మాటను రాతలో పెడితే అదీ సాక్ష్యమేనని అందులో ఉంది. అడవిలో ఏ చెట్టు దాకా ఎవరి పోడో చెప్పడానికి అవ్వ మాట చట్టానికి సాక్ష్యంగా పనికొస్తుంది. తాను ఫలానా మనిషినని చెప్పుకోవడానికి మాత్రం చాలదా?

చాలాలి. ఆధార్ కేసులో 2018 సెప్టెంబరులో తీర్పు వచ్చేనాటికే, గుర్తింపు కుదరలేదన్న కారణంతో అర్హులకు అందాల్సింది ఆగదని కేంద్రం సుప్రీంకోర్టుకు చెప్పింది. సామాజిక రంగాల సంస్థలు, ఉద్యోగుల మీద అదుపు గ్రామసభకూ పంచాయతీలకూ ఉండాలని 1996 నాటి పెసా చట్టం అంటోంది. ఉపకేంద్రం, అందులోని టాబ్, పింఛను మిషను వీటి బయట లేవు.

కాబట్టి పని గ్రామసభ నుంచి మొదలుపెడదాం. ఎవరి వేలిముద్ర పడలేదు, ఏ తారీకున, ఎన్నిసార్లు తిరిగారు, ఏది ఆగింది, ఇవి రాసిపెట్టాలి. నోటిమాట గాలికి పోతుంది, తారీకుతో రాసింది ఆఫీసులో నిలబడుతుంది. వేలిముద్ర పడకపోతే ఊరివాళ్ల సాక్ష్యంతో అదే రోజు ఇవ్వాలని తీర్మానం చేయించాలి. ఉపకేంద్రంలో మన భాష వచ్చిన మనిషిని జీతానికి పెట్టమని అడగాలి. ఇన్నాళ్లూ మీరు, వదిన, ఆశా అక్క ఊరికే చేసింది ఆ పనే. దానికి పేరూ జీతమూ అడగడం ప్రేమను అమ్ముకోవడం కాదు. మీరు రేపు పనికి వలస పోయినా తాత మాట డాక్టరుకు చేరాలంటే అదొక్కటే దారి.

ఇంకొకటి, ఇది మనకు మనం చెప్పుకోవాల్సింది. ఫోన్లో డాక్టరు కనబడగానే మనమే గబగబా మాట్లాడేస్తాం. తాత పక్కన మూగగా కూర్చుంటాడు. ఈసారి ఆయన్ని ముందు మాట్లాడనివ్వండి. మొత్తం విని, తర్వాత చెప్పండి. నెట్ పోతే మళ్లీ కలుపుకోవచ్చు.

వచ్చే పింఛను రోజున కొబ్బరినూనె సీసాతో పాటు ఒక నోటుపుస్తకం కూడా పట్టుకుపోండి. వేలు పడకపోతే మొదటి పేజీలో అవ్వ పేరు రాయండి, పక్కన తారీకు వేయండి. వయసు ఎంత అని ఆమెనే అడగండి. గోదారి వరద అంటే గోదారి వరద అనే రాయండి.