ఎవరి మీద ఈ నవ్వు?

2017 మే నెలలో హైదరాబాదులో జరిగిన ఒక సినిమా పాటల వేడుకలో, ఆడవాళ్లు పక్కలోకి పనికొస్తారని నటుడు చలపతిరావు అన్నారు. సభలో నవ్వులు. స్త్రీల నిరసనలు రేగాయి, కేసు నమోదయింది, ఆయన క్షమాపణ చెప్పారు. మరి నవ్విన వాళ్ల సంగతేమిటి?

మా డొంకూరు పండగల్లోనూ ఇదే తంతు. స్టేజీ మీద చీర కట్టిన మగవాడు చేపలమ్మే ఆడమనిషిని వెకిలిగా అనుకరిస్తే ఈలలు మోగుతాయి. మర్నాడు గంపెత్తుకుని ఇచ్ఛాపురం వెళ్లే ఆడపిల్లకు దారిలో ఆ మాటలే ఎదురవుతాయి. అయినా ముందు వరసలో కూర్చుని మనమూ నవ్వుతాం. నవ్వకపోతే సరదా తెలియని మనిషంటారని భయం.

స్త్రీని అవమానించాలని మాట అంటే భారతీయ న్యాయ సంహిత 79వ సెక్షను కింద 3 ఏళ్ల దాకా జైలు. కానీ ప్రతి జోకుకూ కోర్టుకెక్కలేం, ఎక్కనక్కర్లేదు కూడా. హాస్యం మనకూ కావాలి. వడ్డీ వ్యాపారినీ, లంచగొండి అధికారినీ వెక్కిరించమనండి, కడుపుబ్బ నవ్వుదాం. మనల్ని వెక్కిరిస్తే మాత్రం అందరం కలిసి లేచి వెళ్లిపోదాం. పండగ చందాలో మన చేపల డబ్బూ ఉంది. ఏం ఆడిస్తారో ముందే అడిగే హక్కు మనకుంది.