ఐపీ అడ్రస్ ఇంటి నంబరు కాదు

అవినాశి: ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, సెల్‌లో ఇంగ్లిషు.. అవినాశి, తిరుప్పూరు చుట్టుపక్కల తెలుగు కుటుంబాల తీరిది. బనియన్ల ఆర్డర్లు, బ్యాంకు లావాదేవీలు, పిల్లల చదువులు అన్నీ నెట్‌కెక్కాయి. వాటి వెంటే బెదిరింపులూ వచ్చాయి. ‘మీ ఐపీ అడ్రస్ మా దగ్గరుంది, కేసు పెడుతున్నాం’ అని పోలీసు వేషంలో వీడియో కాల్ చేస్తే ఎంతటివారికైనా గుండె జారుతుంది. డిజిటల్ అరెస్టు పేరిట సాగే ఇలాంటి మోసాలపై 2024 అక్టోబరులో ప్రధాని మోదీయే ‘మన్ కీ బాత్’లో హెచ్చరించాల్సి వచ్చింది. ఇంతకీ ఆ అంకెల్లో ఏముంది?

చూసుకోవడం తేలికే. ‘వాట్ ఈజ్ మై ఐపీ’ అని వెతికితే వచ్చే సైట్లలో ఏది తెరిచినా కనిపిస్తుంది. వై-ఫైలో ఉంటే ఒకటి, మొబైల్ డేటాకు మారగానే మరొకటి. అంటే అది సెల్‌కు కాదు, కనెక్షన్‌కు ఉన్న చిరునామా. సెల్ సెట్టింగుల్లో 192.168తో మొదలయ్యేది వేరు. అది ఇంటిలోపలి లెక్క, లక్షల ఇళ్లలో అదే ఉంటుంది.

బయటివారికి దీంతో తెలిసేది నెట్ కంపెనీ పేరు, ఉజ్జాయింపుగా ఊరు. అంతే. అవినాశిలో కూర్చున్నవారిని కోయంబత్తూరులోనో, చెన్నైలోనో చూపినా ఆశ్చర్యం లేదు. అమెరికాలో ఓ సంస్థ, ఊరు తెలియని ఐపీలన్నిటికీ దేశం నడిమధ్య ఒక చుక్క పెట్టింది. అది కాన్సాస్‌లో ఓ పొలం దగ్గర పడింది. ఎవరెవరి నేరాలకో ఆ ఇంటివాళ్లు ఏళ్ల తరబడి పోలీసులకు జవాబు చెప్పుకోవాల్సి వచ్చిందని 2016లో బయటపడింది.

పేరు, ఇంటి చిరునామా ఉండేది నెట్ కంపెనీ దగ్గరే. పోలీసులు చట్టప్రకారం అడిగితే ఇస్తుంది. కాల్ చేసినవాడు మన పేరు చెప్పాడంటే అది మరో దారిలో దొరికిందన్నమాట, ఐపీలోంచి కాదు.

యాభై రోజుల జైలు

అసలు తిరకాసు ఆ కంపెనీ ఇచ్చే జవాబులోనే ఉంది. 2007 ఆగస్టులో బెంగళూరులో ఓ సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని పుణె పోలీసులు పట్టుకెళ్లారు. ఆర్కుట్‌లో శివాజీని కించపరిచాడని ఆరోపణ. ఆధారం ఒక ఐపీ అడ్రస్. కంపెనీ ఇచ్చిన వివరాలే తప్పని తేలేసరికి 50 రోజులు జైల్లో గడిచిపోయాయి. మరుసటి ఏడాది అహ్మదాబాద్ పేలుళ్ల ముందు వచ్చిన ఈ-మెయిల్ ఐపీ నవీ ముంబయిలో ఓ అమెరికన్ ఇంటికి దారి చూపింది. తాళం వేయని ఆయన వై-ఫైని ఎవరో వాడుకున్నారు.

ఇప్పుడు చిక్కు ఇంకా ముదిరింది. పాత పద్ధతి ఐపీలు మొత్తం 430 కోట్లే. ప్రపంచ నిల్వ 2011 ఫిబ్రవరిలో ఖాళీ అయింది. దాంతో కంపెనీలు ఒకే చిరునామాను వందల మందికి పంచుతున్నాయి. రౌటర్ పేజీలో ‘వాన్’ అని ఉన్నచోట 100.64 నుంచి 100.127 మధ్య అంకెలుంటే ఆ ఇల్లూ ఈ పంపకంలో ఉన్నట్టే. అలాంటప్పుడు ఐపీ ఒక్కటే చాలదు. సెకనుతో సహా సమయం, పోర్టు నంబరు కూడా కావాలి. గడియారం కాస్త తేడా పడినా నింద పక్కింటివాడి మీద పడొచ్చు. 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ సంస్థ లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలని, గడియారాలను జాతీయ సమయంతో కలిపి ఉంచాలని ఆదేశించింది ఊరికే కాదు. ఆ లాగ్‌లే రేపు నిర్దోషికీ సాక్ష్యం.

చిన్న యూనిట్లలో వై-ఫై పాస్‌వర్డ్ గోడ మీద రాసిపెట్టడం మామూలే. వచ్చినవాళ్లు, పోయినవాళ్లు ఎవరు వాడినా బయట కనిపించేది మాత్రం యజమాని కనెక్షనే. అతిథులకు వేరే పాస్‌వర్డ్‌తో గెస్ట్ నెట్‌వర్క్ పెట్టే వీలు ఇప్పటి రౌటర్లలో చాలావాటికి ఉంది. బెదిరింపు కాల్‌కు డబ్బు పంపేసినవారు వెంటనే 1930కు ఫోన్ చేయాలి.