ప్రయాణమునకు ముందు ఏ పుస్తకము?

కర్నూలు, కడప సీమలలో పుట్టింటికిని మెట్టినింటికిని నడుమ రైలే దారియైన సోదరీమణులు పెక్కురు. అట్టివారి యింట న్యాయగ్రంథ మొకటి యుండవలెనన్నచో నేది కొనదగును?

సీర్వాయిగారి రాజ్యాంగ వ్యాఖ్యానము ఘనమైనదే. 1967లో వెలువడి, పిమ్మట మూడు సంపుటములుగా పెరిగినది. కాని యది న్యాయవాదుల సొత్తు. ఆంగ్లము చదువనేర్చిన గృహిణికి దుర్గాదాస్ బసుగారి 'భారత రాజ్యాంగ పరిచయము' చాలును. అందు 15వ అధికరణమునందలి మూడవ ఖండమును ముందు చూడుడు. స్త్రీలకును బాలలకును రాజ్యము ప్రత్యేక నిబంధనలు చేయవచ్చునని యున్నది.

అయినను, రాజ్యాంగ గ్రంథ మెంత లావైనను రాత్రివేళ టిక్కెట్టు కలెక్టరునకు బదులు చెప్పదు. ఆ బదులు 1989 నాటి రైల్వే చట్టము 139వ సెక్షనులో నున్నది. టిక్కెట్టు లేక, ఛార్జీయు అదనపు రుసుమును చెల్లింపని వారిని బండినుండి దింపవచ్చును. కాని వెంట మగవారు లేని స్త్రీని ఆమె యెక్కిన స్టేషనునందో, జంక్షనునందో, బండి చివరి స్టేషనునందో, జిల్లా కేంద్రమునందో మాత్రమే, అదియు పగటివేళనే దింపవలెను. కడపలో నెక్కినామెను నడుదారి ముద్దనూరిలో దింపరాదు. ఎఱ్ఱగుంట్ల జంక్షనైనను చీకటివేళ దింపరాదు. (బాకీ మాత్రము తీరదు సుమా!)

కావున చిన్న చట్టప్రతిని ముందు కొని, బసుగారిని పిమ్మట తెచ్చుకొనుడని మా సలహా. కొనునపుడు ముద్రణ సంవత్సరము చూడుడు. 1890 నాటి రైల్వే చట్టమును, 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టమును వివరించు ప్రతులు చౌకగా వచ్చినను వలదు; మొదటిదాని స్థానమున 1989 చట్టమును, రెండవదాని స్థానమున 2019 చట్టమును వచ్చినవి.